బొటనవేలు లేచిన చోటు

ఆ ఆదివారం కొండలరావు పెట్టుకున్న పనులు మూడే. బట్టలు ఉతుక్కోవడం, ఉప్మా చేసుకోవడం, సోమవారం చెప్పాల్సిన పాఠాన్ని ఒకసారి చేత్తో ఆడించి చూసుకోవడం. మొదటి రెంటివల్లా ఊరికి వచ్చే ప్రమాదం ఏమీ లేదు. మూడోదానివల్ల కూడా ఉండదనే ఆయన అనుకున్నాడు.

కొండలరావు బేస్తవారిపేట వైపు ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. సొంత ఊరు తెనాలి దగ్గర. నలభై దాటినా పెళ్ళి కాలేదు, ఎప్పుడవుతుందని అడిగే చుట్టాలు కూడా అడగడం మానేశారు. కాలేజీకి దగ్గరని పక్క పల్లెలో, ఊరి చివర ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఊరివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఎదురుపడితే "బాగుండారా సార్" అంటారు. ఆయన "బాగున్నాను" అనేలోపు దాటిపోతారు. ఆదివారం ఆయనతో మాట్లాడేది పాలప్యాకెట్ల కొట్టతను ఒక్కడే. "ఎన్ని సార్?" అంటాడు అతను. "ఒకటి" అంటాడు ఈయన. ఆ రోజుకి అంతే. సోమవారం క్లాసులో నోరు తెరిస్తే మొదటి రెండు మాటలూ గరగరమంటూ వచ్చేవి. సార్‌కి ఒంటరితనం అలవాటైపోయిందని కాలేజీలో అనుకునేవారు. అది ఒట్టి మాట. ఆయనకి అది ఒక్క రోజు కూడా అలవాటు కాలేదు.

అలాంటి మనిషిని శనివారం క్లాసులో శివాని అనే అమ్మాయి లేచి నిలబడి ఒక డౌటు అడిగింది.

"సార్, రెండు గీతలూ బోర్డు మీదనే ఉండాయి గదా. వాటిని గుణిస్తే మూడోది బోర్డులోంచి బయటికి ఎట్ల వస్తాది సార్?"

సదిశా లబ్ధం, అంటే వెక్టర్ల క్రాస్ ప్రొడక్ట్, అనే ఆ పాఠాన్ని ఆయన ఏళ్ళ తరబడి చెబుతున్నాడు. ఒక తలంలో ఉన్న రెండు సదిశల లబ్ధం ఆ తలానికి లంబంగా నిలుస్తుంది. అది ఎటు లేస్తుందో తెలియాలంటే కుడిచేతి వేళ్ళను మొదటిదాని నుంచి రెండోదాని వైపు ముడవాలి, బొటనవేలు చూపించిందే దిక్కు. ఇది విని ఇంతవరకూ ఏ పిల్లా ఆశ్చర్యపోలేదు, రాసుకున్నారంతే. ఈ అమ్మాయి ఆశ్చర్యపోయింది! జవాబు చెప్పబోతుండగా బెల్లు కొట్టారు. తనతో ఒక మనిషి మాట్లాడాలనుకున్నప్పుడే బెల్లు కొట్టాలా అని కొండలరావుకి ఏడుపొచ్చినంత పనైంది.

అందుకే ఆదివారం అంత శ్రద్ధ. ఒకే చోటి నుంచి బయల్దేరే రెండు సదిశలు కావాలి కాబట్టి వేపచెట్టు నుంచి పంగలకర్ర ఒకటి విరిచాడు. గదిలో చెయ్యి చాపితే గోడ తగులుతుంది కాబట్టి వెనకున్న చేలోకి నడిచాడు. గట్టు దిగుతుండగా చెప్పు తెగింది కాబట్టి రెండు చెప్పులూ అక్కడే వదిలేశాడు. సూత్రం మరిచిపోకుండా పైకే అనుకున్నాడు.

"ఐ క్రాస్ జె ఈజ్ కె. జె క్రాస్ కె ఈజ్ ఐ. కె క్రాస్ ఐ ఈజ్ జె."

ఎడమచేతిలో కర్రను అడ్డంగా పట్టుకుని, కుడిచేతి వేళ్ళు ముడుస్తూ, బొటనవేలు లేపుతూ చేనంతా తిరిగాడు. ఒకచోట అమ్మాయికి ఎలా చెప్పాలో చక్కగా తట్టింది. అక్కడే ఆగి, కళ్ళు మూసుకుని నవ్వుకున్నాడు.

బోరు వేస్తే దుమ్ము తప్ప రాని నేల అది. అలాంటిచోట ఒక మగమనిషి చెప్పుల్లేకుండా, వేప పంగలకర్ర పట్టుకుని, ఏదో గొణుక్కుంటూ ఎండిన చేలో తిరుగుతున్నాడంటే చిన్నపిల్లాడు కూడా చెబుతాడు, ఆయన భూమిలో నీళ్ళు చూస్తున్నాడని. మేకలు మేపుకుంటున్న అంకాలమ్మకి అది చెప్పడానికి చిన్నపిల్లాడు కూడా అక్కర్లేకపోయింది. చేను ఆమె కొడుకు ఓబులేసుది. అందులోని బత్తాయి చెట్లు ఆ వేసవి దాటేలా లేవు. ఇప్పటికే వేసిన బోర్లు ఎండిపోయాయి. కొండలరావు వెళ్ళిపోయేదాకా ఆగి, ఆయన నవ్వినచోట నాలుగు రాళ్ళు పేర్చి, మేకల్ని వదిలేసి ఇంటికి పరుగెత్తింది.

సాయంత్రం తలుపు చప్పుడైంది. తన తలుపేనా అని కొండలరావు కాసేపు అనుమానించాడు. తీస్తే ఎదురుగా ఓబులేసు, చేతిలో కొబ్బరికాయతో అంకాలమ్మ, ఆమె వెనక తలవంచుకుని ఆమె మనవరాలు, శివాని.

"మా చేలో చూసినారంట గదా సార్," అన్నాడు ఓబులేసు.

"క్షమించండి, మీ చేను అని తెలీదు. ఏమీ తొక్కలేదు."

"తొక్కండి సార్, ఎంత తొక్కితే అంత మంచిది. నీళ్ళు ఎంత లోతులో ఉండాయి?"

"నీళ్ళేంటండీ? నేను పాఠం చూసుకుంటున్నాను."

"నేను చెప్పలా నాయనా," అంది శివాని. "అది మా లెక్కల పాఠమే."

"చూసినావా, పిల్లోళ్ళకి గూడ నేర్పిస్తాండాడంట!" అంది అంకాలమ్మ, కొడుకు చెవిలో చెబుతున్నాననుకుని ఊరంతా వినేటట్టు. "చేతిలో మహిమ ఉన్నోళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకుంటే పోతాది. అడగొద్దు, ఊరుకో."

కాదని కొండలరావు ఎంత గట్టిగా చెబితే వాళ్ళకి అంత నమ్మకం కుదిరింది. చివరికి ఓబులేసు అన్నాడు, "మీరేం చెప్పొద్దు సార్. బోరు బండి వచ్చిన పొద్దు వచ్చి నిలబడండి, చాలు. ఇప్పుడు మాత్రం మా ఇంటికి రండి, రొట్టెలు చేసినారు."

అక్కడ కాదనాల్సింది. కాదనడానికి నోరు తెరిచాడు కూడా. కానీ ఈ ఊరొచ్చాక ఆయన్ని భోజనానికి పిలిచినవాళ్ళు లేరు. కొండలరావు చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

సజ్జరొట్టె, అలసంద కూర, మజ్జిగ. అంకాలమ్మ పక్కనే కూర్చుని, చాలన్నా వినకుండా వడ్డించింది. శివాని పుస్తకం తెచ్చుకుని డౌటు అడిగింది, ఆయన రెండు రొట్టెముక్కలు కంచంలో పెట్టి, మూడోది నిటారుగా నిలబెట్టి చెప్పాడు. ఇంటికి పోతూ దారంతా కూనిరాగం తీశాడు.

ఇంక ఆపేవాళ్ళెవరు? మర్నాటికల్లా కాలేజీ గేటు దగ్గర రైతులు కాచుకుని ఉన్నారు. చెప్పులు విప్పమన్నారు, విప్పాడు. నడవమన్నారు, నడిచాడు. "ఇది శాస్త్రం కాదండీ, వట్టి బీజగణితం" అని ప్రతి చేలోనూ నిజాయితీగా చెప్పాడు, చెప్పాక ప్రతి ఇంట్లోనూ తిన్నాడు. ఆయన తల గోక్కుందామని చెయ్యెత్తినా, బొటనవేలు ఎక్కడ లేచిందో చూసి ఎవరో ఒకరు అక్కడ రాయి పెట్టేవారు.

బోరు బండి రోజు ఖాయమయ్యాక ఆయనకి అన్నం దిగలేదు. నీళ్ళు పడకపోతే ఓబులేసు తోట పోతుంది. దాంతోపాటు ఆ ఇంట్లో తన పీట కూడా పోతుంది. రెండోది తలుచుకున్నందుకు సిగ్గుపడ్డాడు, అయినా తలుచుకున్నాడు.

కనీసం లెక్కయినా నిజంగా చేద్దామనుకున్నాడు. ఆ వైపు భూమిలో పలకరాయి పొరలు ఏటవాలుగా దిగుతాయి. చుట్టుపక్కల మూడు పాత బోర్లలో ఒకప్పుడు నీళ్ళు తగిలిన లోతులు అడిగి తెలుసుకున్నాడు. మూడు బిందువులు చాలు, తలం దొరుకుతుంది. ఒక బోరు నుంచి మిగతా రెంటికీ రెండు సదిశలు గీసి, వాటి లబ్ధం కట్టాడు. పొరకు లంబం తేలింది. దాన్నిబట్టి అంకాలమ్మ రాళ్ళ దగ్గర ఆ పొర రెండు వందల డెబ్బై అడుగుల లోతులో ఉండాలి. ఆ మాట ఓబులేసుకి చెప్పాడు. ఊరంతటికీ ఓబులేసు చెప్పాడు.

బండి వచ్చిన పొద్దున ఊరు ఊరంతా చేలోనే ఉంది. రాడ్లు దిగుతుండగా కొండలరావుకి ఒక అనుమానం వచ్చింది. సదిశల్ని తిరగేసి గుణించానేమో! వరస మారితే లబ్ధం దిక్కు మారిపోతుంది. వేళ్ళు ముడిచి చూసుకున్నాడు, బొటనవేలు నేలకేసి చూపించింది.

"కిందనే ఉండాయంట!" అని అరిచారు జనం.

దిక్కు మారినా తలం మారదు కదా, సమీకరణం అదే వస్తుంది కదా అని గుర్తొచ్చి ఆయన స్థిమితపడ్డాడు. ఆ స్థిమితం రెండు వందల డెబ్బై అడుగుల దాకానే. ఆ లోతులో దుమ్మొచ్చింది. మూడు వందల్లో దుమ్మొచ్చింది. నాలుగు వందలకి కొండలరావు తలనుంచి పాదాల దాకా తెల్లగా అయ్యాడు, జనం ఒక్కొక్కరే ఇళ్ళకి మళ్ళారు. ఓబులేసు తువ్వాలు నేలమీద పరిచి చతికిలబడ్డాడు.

కొండలరావు ఆయన పక్కన కూర్చున్నాడు. ఇంక దాచడం చేతకాలేదు.

"నాకు నీళ్ళు చూడటం రాదు ఓబులేసూ. మొదట్లోనే రానని గట్టిగా చెప్పి ఉండాల్సింది. మీ ఇంట్లో పిలిచి అన్నం పెట్టారు. నాకు ఆదివారాలు మాట్లాడే మనిషి ఉండడు. అందుకని వచ్చాను. నన్ను తిట్టు."

ఓబులేసు తల అడ్డంగా ఊపాడు.

"మీరు కాదంటానే ఉన్నారు. మేమే విన్లేదు. పేరున్నోళ్ళు చూసిన బోర్లే ఎండిపోయినాయి. మీదెంత," అన్నాడు. తర్వాత ఆయన వైపు తిరిగి, "మాట్లాడే మనిషి కోసం ఇంత పని చేసినావా అన్నా? ఊరికే రాకూడదా?" అన్నాడు.

అంకాలమ్మ కొంగుతో కొండలరావు మొహమ్మీది దుమ్ము తుడిచింది. "ఎర్రినాయన! నీళ్ళు లేకుంటే మనుషులం గూడ లేకుండా పోతామా? రేపటాదివారం మేకని కోస్తాము. వచ్చి మాతోటే తిను."

శివాని దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది, "సార్, పొర చదునుగా ఉందనుకున్నారు గదా, వంగి ఉంటే ఎట్ల?"

అంత మంచి డౌటు ఆయన తన సర్వీసులో వినలేదు. ఎండిన చేలో, ఎండిన బోరు పక్కన, ఒళ్ళంతా రాతిపొడితో కొండలరావు జీవితంలో ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నాడు. జవాబు చెప్పబోయాడు.

సరిగ్గా అప్పుడే బండివాడు, సగం దిగిన రాడ్డును అక్కడే ఎందుకు ఆపాలని, మిగతా సగం కూడా దింపాడు. భూమిలో ఏదో గుర్రుమంది. నీళ్ళు బండి కంటే ఎత్తు లేచాయి.

ఓబులేసు బురదలో సాష్టాంగపడ్డాడు. "సామీ! మమ్మల్ని పరీక్ష పెట్టినావా సామీ!"

"లెక్క తప్పింది!" అని అరిచాడు కొండలరావు. "నేను చెప్పింది రెండు వందల డెబ్బై! ఇది నాలుగు వందలు దాటింది! దీనికీ నాకూ ఏం సంబంధం లేదు! ఇప్పుడేగా 'అన్నా' అని పిలిచావు, లే ఓబులేసూ!"

"తెలీక అన్నా సామీ, తప్పు కాయండి," అన్నాడు ఓబులేసు లేవకుండానే. వెళ్ళిపోయిన జనం పరుగున తిరిగొచ్చారు. బండివాడి వైపు ఒక్కరూ చూడలేదు.

తోట బతికింది. అందుకు కొండలరావు మనసారా సంతోషించాడు. సోమవారం క్లాసులో పొర వంగి ఉంటే ఏమవుతుందో బోర్డు మీద బొమ్మ వేసి, శివాని వైపు తిరిగాడు. "నీ డౌటు ఇదే కదమ్మా?"

ఆ అమ్మాయి లేచి చేతులు కట్టుకుంది. "డౌటు లేదు సార్. మీకైతే చేతిలోనే ఉండాది. మాకు ఎట్ల వస్తాది సార్?" అని కూర్చుంది. ఆమె వెనక బెంచీలవాళ్ళు కూడా తలలూపి పుస్తకాలు మూశారు.

ఆదివారం మేకని కోశారు. కానీ ఆయన్ని పిలవలేదు, మహిమ ఉన్నవాళ్ళు నలుగురిలో కూర్చుని తింటే చెయ్యి చెడుతుందని ఊళ్ళో తీర్మానించారు. అంకాలమ్మే మూతపెట్టిన గిన్నె తెచ్చి గడప మీద ఉంచి, తలుపు తట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

"లోపలికి రా అవ్వా. ఇద్దరం తిందాం," అన్నాడు కొండలరావు.

"అపచారం సామీ," అని ఆమె దూరం నుంచే దండం పెట్టి వెళ్ళిపోయింది.

కూర చాలా బాగా కుదిరింది. ఆ మాట ఎవరికైనా చెబుదామని కొండలరావు వీధిలోకి వచ్చాడు. అక్కడ కుక్క ఒక్కటే పడుకుని ఉంది, అది కూడా లేచి దారిచ్చింది.