దస్తీ వేసిన సీటు

వికారాబాద్ బట్టల వ్యాపారి విశ్వేశ్వర్ గారి కూతురు వందన, తాండూరు నాపరాళ్ల వ్యాపారి శంకరప్ప గారి కొడుకు అమర్‌నాథ్ ప్రేమించుకున్న మాట వాస్తవమేనని ఉభయ కుటుంబాల పెద్దలు ఏకగ్రీవంగా ఆమోదించారు. ఇకమీదట దాన్ని ప్రేమ అనరాదనీ, పెద్దలు కుదిర్చిన సంబంధం అనాలనీ షరతు పెట్టి, ముహూర్తం కూడా ఖాయం చేశారు. ఇంతటి విశాల హృదయం ఈ జిల్లాలో లోగడ నమోదు కాలేదు. పెళ్లి కార్డు మీద బొమ్మనైతే పూర్తిగా పిల్ల ఇష్టానికే వదిలేశారు. పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసే పిల్ల కదా!

వందన ప్రాణం పెట్టి గీసింది. కిక్కిరిసిన ప్యాసింజర్ రైలు పెట్టె. కిటికీ దగ్గర ఒక అబ్బాయి. పక్క సీటు ఖాళీ, దాని మీద పరిచిన పచ్చగళ్ల దస్తీ, అదే చేతిరుమాలు. ఆ దస్తీ ఎవరిదో తనకు తెలియనట్టు అబ్బాయి ముఖం బయటికి తిప్పుకుని కూర్చున్నాడు. వికారాబాద్ ప్లాట్‌ఫారం మీద ఒక అమ్మాయి పరుగెత్తుకొస్తోంది.

ఈ ఇద్దరిలాగే రోజూ ఈ దారిలో హైదరాబాద్ ఉద్యోగాలకు పోయేవాళ్లకు ఇందులో విప్పిచెప్పాల్సింది లేదు. తాండూరులో ఎక్కినవాడు పక్క సీటు మీద దస్తీ వేశాడంటే ఆ సీటు వికారాబాద్‌లో ఎక్కేవాళ్లది. కోర్టు స్టేకు ఆగని మనుషులు కూడా దస్తీకి ఆగుతారు. పెట్టె నిండా తాండూరు చుట్టాలే కనుక అమర్‌నాథ్ ప్రేమంతా నోటితో కాక దస్తీతోనే నడిచింది. నున్నగా పరిచి ఉంటే మనసు బాగుంది. నలిపి పడేసి ఉంటే రాత్రి ఫోన్లో అన్న మాట ఇంకా అరగలేదు. మీద టిఫిన్ డబ్బా పెట్టి ఉంటే అలిగాడు గానీ, సీటు మాత్రం ఇంకొకరికి ఇవ్వలేదు. బొమ్మలో దస్తీ మూలన వందన చిన్న ముడి కూడా వేసింది. ఇద్దరూ మాట్లాడుకోకుండా గడిపిన వానాకాలానికి గుర్తు అది.

పెళ్లిచూపులకు రానివాళ్లు కూడా బొమ్మచూపులకు వచ్చారు. శంకరప్ప గారి హాల్లో జరిగిన ఈ సమావేశానికి పిల్లాడి పెదనాన్న, విశ్రాంత తెలుగు లెక్చరర్ కుమారస్వామి గారు అధ్యక్షత వహించారు.

"పూజ్యులారా! ఇది బొమ్మ కాదు, ప్రతీక. రైలనగా సంసారం. కిటికీ అనగా వైరాగ్యం. ఇక దస్తీ అనగా..." ఆయన తన దస్తీ తీసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. "దస్తీ గురించి తర్వాత మనవి చేస్తాను."

"వైరాగ్యమే మంచిగ కనవడుతున్నదన్నా," అన్నారు శంకరప్ప. "మా పిల్లగాడు మొకం అటు తిప్పుకున్నడేంది? ఇష్టం లేకుండ చేసుకుంటుండనరా జనం?"

"నా బిడ్డ ఎందుకు ఉరుకుతున్నది?" అంది వందన తల్లి పద్మమ్మ. "పిల్లగాని ఎంట పడ్డదంటరు. నిలవెట్టుండ్రి."

ఇంతలో శంకరప్పకు ఇంకో ప్రమాదం తట్టింది. "బండి తాండూరు నుంచి వికారాబాద్ దిక్కు పోతున్నది. అంటే మావోడు ఇల్లరికం పోతున్నట్టే గద!"

"తిప్పితే నా బిడ్డ మల్ల పుట్టింటి మొకం చూడనట్టే గద బావా," అన్నారు విశ్వేశ్వర్.

సుదీర్ఘ చర్చల అనంతరం రైలుకు రెండు వైపులా రెండు ఇంజన్లు పెట్టి, రెండు దిక్కులకూ నడపాలని తీర్మానించారు. రైల్వే శాఖకు ఇన్నేళ్లుగా తట్టని ఆలోచన.

అప్పుడు పిల్లాడి నానమ్మ భీమమ్మ కళ్లజోడు సవరించుకుంది. "అయ్యో శివనే! లగ్గం కార్డుల ఖాళీ సీటేంది? ఎవర్నన్న కూసోవెట్టుండ్రి."

అంతే, గేట్లు తెరుచుకున్నాయి. వంశంలోని ప్రతి పెళ్లిలోనూ క్రమం తప్పకుండా అలిగే పిల్లాడి మేనమామ జంగప్పను ఆ సీట్లో, సరిగ్గా దస్తీ మీదనే, కూర్చోబెట్టారు. సమన్యాయం కావాలని ఆడపెళ్లివారు పూడూరు మల్లప్ప మామను ఎక్కించారు. దౌల్తాబాద్ చిన్నాయన, పెద్దేముల్ అత్తమ్మ టికెట్ లేకుండానే ఎక్కారు.

"గది నా సీటు, పెదనాయనా," అంది వందన.

"ప్రతీక ఎవరి సొంతం కాదమ్మా, అది సమాజానిది," అన్నారు కుమారస్వామి.

శంకరప్ప ఎంతో ప్రేమగా చెప్పారు: "బొమ్మ మారకుంటే ముహూర్తం మారుతది బిడ్డా. తర్వాత నీ ఇష్టం."

వందన అమర్‌నాథ్ వైపు చూసింది. అచ్చం బొమ్మలో లాగే ముఖం అటు తిప్పుకుని ఉన్నాడు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "జర ఓపిక పట్టు వందనా. మా నాయనకు బీపీ."

"మీ నాయనకు బీపీ, మా నాయనకు షుగరు. నాకేమున్నది?"

"నేనున్న గద!"

"ఎక్కడ? బొమ్మల ఉన్నవా, బయట ఉన్నవా?"

ఆ రోజు నుంచి వందన పెద్దల మాట అక్షరాలా పాటించింది. పచ్చగళ్లు ఒక పార్టీవనీ, ఎరుపు వేస్తే ఇంకో పార్టీదనీ అంటే దస్తీకి అసలు రంగే లేకుండా చేసింది. దాని మీద జంగప్ప కూర్చున్నారు కనుక అభ్యంతరం రాలేదు. గాలి ఆడకపోతే జంగప్ప మామకు తల తిరుగుతుందంటే కిటికీ సీటు కూడా ఆయనకే ఇచ్చి, అబ్బాయిని తలుపు దగ్గర నిలబెట్టింది. ఫుట్‌బోర్డు ప్రయాణం చట్టరీత్యా నేరమని ఎవరో గుర్తుచేస్తే అబ్బాయిని తీసేసింది. ప్లాట్‌ఫారం మీద నిలబెట్టిన అమ్మాయికి బండి తప్పిపోయినట్టుందన్నారు. ఎక్కిద్దామంటే పెట్టెలో చోటు లేదు. ఆమెనూ తుడిచేసింది.

తుది చిత్రాన్ని చప్పట్లతో ఆమోదించారు. కుమారస్వామి గారి కళ్లు చెమర్చాయి. "చూశారా! ప్రేమ కంటికి కనిపించదు. ఇందులోనూ ఎక్కడా కనిపించదు. అదీ కళ!"

కార్డులు అచ్చయి ఊరూరా పంచారు. జంట ఏదని ఒక్కరైనా అడుగుతారేమోనని వందన ఫోను ముందు పెట్టుకు కూర్చుంది. ఎవరూ అడగకపోతే ఆ పెళ్లేదో వాళ్లే చేసుకోనీ అని గట్టిగా నిర్ణయించుకుంది. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మల్లప్ప మామ మీసం పలచగా ఉంది. పెద్దేముల్ అత్తమ్మ మెడలో గొలుసు కనిపించడం లేదు. దౌల్తాబాద్ చిన్నాయన కాళ్లు పడలేదు. జంగప్ప బాగున్నారు గానీ నవ్వుతున్నారు, అది ఆయన గౌరవానికి భంగం.

చీకటి పడుతుండగా అమర్‌నాథ్ చేశాడు. "కార్డు పొద్దుగాల్నే వచ్చింది."

"నీకేం తక్కువైంది? చెప్పు, గీస్త."

"నువ్వేడ ఉన్నవ్? డ్యూటీకి నాగా పెట్టి పొద్దున్నుంచి దేవులాడుతున్న. ఇంజన్ల గూడ చూసిన."

వందనకు నవ్వు ఆగలేదు. "నువ్వు గూడ లేవు, చూసుకున్నవా?"

"అవునా? నా మొకం ఎవడు చూసిండే!"

వందన పెళ్లి రద్దును రద్దు చేసింది. అమర్‌నాథ్ అక్కడితో ఆగక, ఈసారి ముఖం తిప్పుకోకుండా తండ్రి ఎదుట నిలబడి, కార్డులో పెళ్లికూతురు లేదని చెప్పాడు.

"ఎట్లాగూ స్టేజీ మీద ఉంటరు గదరా," అన్నారు శంకరప్ప. "కార్డుల గూడ మీరేనా?"

పెళ్లి అత్యంత వైభవంగా జరిగింది. స్టేజీ మీద ఫోటోల కోసం ఉభయ వర్గాలూ బారులు తీరి నిలబడటంతో వధూవరులు ఎవరికీ కనబడలేదు. ఆ వెనకాల ఇద్దరూ హాయిగా కబుర్లు చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. అన్నట్టు, ఆ పెళ్లికి మీరూ వచ్చారు. ముందు వరుసలోనే కూర్చున్నారు. పెళ్లికూతురు కట్టుకున్న చీర రంగేమిటో చెప్పండి చూద్దాం. గుర్తు లేదా? పోనీలెండి, పప్పులో ఉప్పు కాస్త తగ్గిందని మాత్రం మీరే కదా ఇంటికొచ్చి చెప్పింది.