గ్రైండింగ్ అండ్

దుమ్ముకు కూడా ఒక పుట్టిల్లు ఉంటుందనీ, దాన్ని కనిపెట్టి తీరతాననీ మా కోయంబత్తూరు వార్డు కౌన్సిలర్ మోహన్‌రాజ్‌గారు మైకులో ప్రకటించినప్పుడు నా ఒళ్లు పులకరించింది. దగ్గు కూడా వచ్చింది గానీ, పులకరింతే ముందు.

మా వీధిలో తెలుగు నాలుగు వందల ఏళ్ల నాటిది. దుమ్ము మాత్రం రెండేళ్లదే. కౌన్సిలర్‌గారి బావమరిది కన్నన్ కొండ దగ్గర రాళ్లు పిండిచేసే క్రషర్ పెట్టిందీ ఆ ఏడాదే. అయితే ఇలాంటి కాకతాళీయాలను పట్టించుకునే మనిషి కాదు కౌన్సిలర్‌గారు. ఆయనది సైన్సు. అందుకే గాలిలో దుమ్మును కొలిచే మిషను తెప్పించారు.

వార్డాఫీసు డాబా మీద మిషనుకు దండ వేసి కర్పూరహారతి ఇచ్చారు. మొదటి రీడింగు 'పొగ' అని వచ్చింది. శుభసూచకమని అందరం లెంపలు వేసుకున్నాం.

"సార్, హారతి కొంచెం దూరంగా పెట్టండి, అదీ లెక్కలోకొస్తాది" అంది ఇంజనీరు జెబమలర్. "దుమ్ము సైజు చూసి అది యాడిదో చెప్పొచ్చు. బాగా సన్నదైతే పొగది. ముతకదైతే రాయో, మట్టో."

"దానికి మిషనెందుకమ్మా?" అంది మీనాంబాళ్ అవ్వ. నా జెరాక్స్ కొట్టుకు ఎదురుగా నలభై ఏళ్లుగా పిండిమిల్లు నడుపుతోంది. పిట్టగోడ మీది దుమ్మును వేలితో తీసి, నలిపి, నాలిక మీద వేసుకుంది. "ఇది నా పిండి గాదు నాయనా. నా పిండి నోట్లో కరుగుతాది. ఇది పళ్లకింద కరకరంటాది. రాయి."

"అవ్వా, నీ నాలిక్కి క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాదా?" అన్నారు కౌన్సిలర్‌గారు.

అవ్వ దగ్గర లేదు.

నెల తిరక్కుండా రిపోర్టు వచ్చింది. రెండు పేజీలు. రెండు వందల కాపీలకు నా కొట్టుకే పంపారు. మొదటి పేజీ ఆఖరి లైను: 'ముతక దుమ్ముకు ప్రధాన కారణం: గ్రైండింగ్ అండ్'. రెండో పేజీ మొదటి లైను: 'క్రషింగ్ ఆఫ్ స్టోన్'.

కౌన్సిలర్‌గారు స్వయంగా కొట్టుకొచ్చారు. "ఒక పేజీ పోదుం, చాలు. రెండోది ఎందుకు, పేపరు వేస్టు. పర్యావరణం గురించి మనమే ఆలోచించకుంటే ఎట్లా?"

"సార్, 'అండ్' తర్వాత..." అంది వెంట వచ్చిన జెబమలర్.

"'అండ్' అంటే వగైరా, మ్మా."

ఆ సాయంత్రమే గ్రైండింగ్ చేస్తున్న మీనాంబాళ్ మిల్లుకు సీలు పడింది. జనం ఇచ్చిన మిరపకాయలు మూడు మూటలు లోపలే ఉండిపోయాయి. అవ్వ మిల్లు మెట్టు మీద ఊరికే కూర్చుంది. నాకు సిగ్గేసింది. రెండో పేజీ తీసుకెళ్లి చేతికిచ్చాను.

"నాకు ఇంగ్లీషు రాదు నాయనా" అని మడిచి కొంగున కట్టుకుంది. "అయినా దీంట్లో ఏముండాదో నాలిక ముందే సెప్పింది గదా."

మిల్లు మూశాక కూడా దుమ్ము తగ్గలేదు. కౌన్సిలర్‌గారు అధైర్యపడలేదు. కోయంబత్తూరులో ఇంటింటికీ ఒక వెట్ గ్రైండర్. అదీ గ్రైండింగే. ఇంటింటికీ మనుషుల్ని పంపి ప్లగ్గులు పీకించారు.

"సార్, తడిపిండిలో దుమ్మెట్లా లేస్తాది?" అంది జెబమలర్.

"ఆరితే?"

ఆ ముందుచూపుకు నివ్వెరపోయాం. వారం రోజులు వార్డంతా ఉప్మా తిన్నది.

దుమ్ము అలాగే ఉన్నా, విజయోత్సవ సభకు తేదీ ముందే ఖాయమైపోయింది కాబట్టి సభ జరిగింది. జనం కావాలి. కన్నన్ క్రషర్ ఆపి, కూలీలందరినీ లారీల్లో దింపాడు. ఒక్కొక్కరికీ బిర్యానీ పొట్లం.

పదకొండు గంటలకు, మిషను రీడింగులు చూపడానికి వేదిక మీద పెట్టిన స్క్రీనులో ముతక దుమ్ము గీత నేలకు దిగింది. జెబమలర్ రెండుసార్లు మిషను చూసొచ్చి, "నిజమే సార్" అంది. పందిరి దద్దరిల్లింది.

కౌన్సిలర్‌గారు ఆనందం పట్టలేక అవ్వను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. "మిల్లు మూసుకుని వార్డును కాపాడిన తల్లి! ఏమి కావాలో అడుగవ్వా, ఇప్పుడే ఇస్తాను. మిల్లు తప్ప."

అవ్వ స్క్రీను వంక చూసింది. కింద ఎనిమిది వరసల్లో కూర్చున్న కూలీల వంక చూసింది. వాళ్ల కనురెప్పల మీద తెల్లటి పొడి ఇంకా వదల్లేదు. కొంగుముడి ఒకసారి తడుముకుని మైకు అందుకుంది.

"నాకేమీ వద్దు నాయనా. ఈ సభ రోజూ పెట్టు, సాలు."

కౌన్సిలర్‌గారి కళ్లు చెమ్మగిల్లాయి. ఇంత ప్రజాభిమానం ఆయన కూడా ఊహించలేదు. "పెడతాను! రేపటినించి రోజూ పెడతాను!" అని మైకులోనే మాటిచ్చేశారు.

ఎనిమిది వరసల కూలీలూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ముందు వరసలో కన్నన్ ఒక్కడే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.