ఓబు నది ఒక గడి జరిగిన వైనం

పాతాళమునకు పారిపోయిన ఓ బోరుబావి గంగమ్మా! ఎంత స్తుతించినను నీవు పలుకవు గనుక, స్తుతి మాని నేరుగా కథలోనికి దిగెదను.

ప్రచండమార్తాండకిరణసంతప్తమైన మే మాసపు మంగళవారమున, మధ్యాహ్నము పన్నెండు గంటలకు, కోకాపేట గగనచుంబిసౌధముల అద్దములు ఎండను విరిచి మణికొండపైకి విసరుచుండగా, మూడు దినములుగా కుళాయి రాని ఒక అపార్టుమెంటు రెండవ అంతస్తున, ధ్రువసముద్రహిమగణనధురంధరయు, ఫిల్టరుకాఫీపానపరాయణయు, ఇంటినుండియే కొలువు వెలగబెట్టునదియు నగు బాలాత్రిపురసుందరి, తలకు తడిగుడ్డ చుట్టుకొని, లాప్‌టాపను రణరంగమున కారా సముద్రమును గడ్డకట్టింప బూనెను.

ఆ సముద్రమో, గడ్డకట్టదు.

సైబీరియా నదుల మంచినీరు ఉత్తరధ్రువసముద్రమున కలిసినచో అచ్చటి మంచు ఎట్లుండునో కంప్యూటరులో లెక్కగట్టుట ఆ వీరవనిత వృత్తి. మంచినీరు తేలిక; ఉప్పునీటిపై తేలి, దానికంటె ముందే గడ్డకట్టును. కాని వానిలో నొకటియగు ఓబు మహానది కారా సముద్రమున ఎంత నీరు కుమ్మరించినను, తెరపైని సముద్రము ఉప్పగానే, నల్లగానే యుండెను.

అంతలో ఫోను మ్రోగెను. అవతల కొలువుకూటాధిపతి ఉదయ్ భాస్కర్.

"సుందరిగారూ, మూడు నెలలైందండి. నాలుగింటికి రివ్యూ. అప్పటికి తేడా కనబడకపోతే ఆ నది తీసేద్దాం."

తీసివేయుటా! మూడున్నర వేల కిలోమీటర్లు నడిచివచ్చిన నదినా! ఆమెకు ఒళ్లు మండిపోయెను.

"ఓయీ ఉదయ్ భాస్కరా! వైఫై తెగినను, సూర్యుడు గచ్చిబౌలి ట్రాఫిక్కున చిక్కి అస్తమింపకున్నను, నా ఓబును విడువను! కారా సముద్రమును గడ్డకట్టించి నీ కన్నుల యెదుట నిలిపెదను!" అని గర్జించెను. నిజమునకు ఆమె "నాలుగులోపు చూస్తానండి" అని మాత్రమే అన్నది. కవికి ఆపాటి స్వేచ్ఛ లేనిచో ఈ ఉద్యోగమేల?

పిమ్మట సమరము సాగెను. నది నీటిని రెండింతలు చేసెను, మూడింతలు చేసెను. సముద్రము చలింపలేదు. ఒంటిగంట దాటెను. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

అపుడు వీధిలో హారను వినబడెను. బోరబండ వాస్తవ్యుడు, జలశకటసారథి ఐలయ్య వచ్చి, ట్యాంకరు గొట్టమును నేలక్రింది నీటితొట్టియగు సంపులో వేసి, చాయికి పోయెను. అరగంటకు కాపలా పోచమ్మ సంపు మూత తీసి చూచి, అపార్టుమెంటంతయు మారుమ్రోగునట్లు అరచెను.

"ఏందయ్యా ఐలయ్యా! లారీ ఖాళీ అయింది, సంపుల సుక్క లేదు!"

"నీళ్లన్నీ ఇడిసిన అక్కా. గొట్టం జర పక్కకు జరిగినట్టుంది. జానెడే!"

"జానెడైతేంది, ఆమడైతేంది? నేల మీద పోసినవ్ గద!"

బాల్కనీ నుండి చూచుచున్న సుందరి కొయ్యబారెను. మరుక్షణమే లోనికి పరుగెత్తెను.

ఆమె తెరపైని భూగోళమంతయు గడులే. కొన్ని నేలగడులు, కొన్ని సముద్రపు గడులు. ఓబు ముగియుచున్నది నేలగడిలో! సముద్రము పక్క గడిలోనే యున్నది. మూడు నెలలుగా ఒక మహానది నీరంతయు, ఒక్క గడి దూరములో, నేల మీద పోయి మాయమగుచున్నది. ఆ గడి సంఖ్య వేసినది ఎవరో కాదు, ఆమెయే.

బ్యాక్‌స్పేసను గదతో నేలగడి సంఖ్య నలువదియొకటిని సంహరించి, సముద్రపు గడి సంఖ్య నలువదిరెండునకు పట్టాభిషేకము చేసెను. లెక్క తిరుగుచుండగా గోళ్లు కొరికెను. నాలుగింటికి ఎనిమిది నిమిషములుండగా, ఓబు ముఖద్వారమున ఒక గడి తెల్లబడెను.

"ఒక్క గడేనా అండీ?" అనెను రివ్యూలో ఉదయ్ భాస్కర్.

"ఒక్కటేనండి. నీళ్లు సముద్రంలో పడుతున్నాయి. ఇన్నాళ్లూ పడలేదు, తప్పు నాదే."

ఆయన ఆ తెల్లగడిని పెద్దది చేసి చూచెను. "సరే, నది ఉంచండి."

ఐదింటికి ఐలయ్య రెండవ లారీ తెచ్చెను. సుందరి మెట్లు దిగి, గొట్టమును రెండు చేతుల పట్టుకొని, సంపు మూతి కడ చతికిలబడెను.

"మీరెందుకు మేడం, నేను పట్టుకుంట గద!"

"వద్దండి. మూడు నెలలు నేల మీద పోశాను. ఈసారి లోపల పడుతుంటే చూడనివ్వండి."

ఈ గాథ విన్నవారి సంపులు నిండుగాక, వారి గొట్టములు జారకుండుగాక! దిగ్విజయమిదియే: జరిగినది ఒక గడి, గడ్డకట్టినది ఒక గడి, తడిసినది బాలాత్రిపురసుందరి.