ఎనిమిది టైర్ల శనివారం

శనివారం ఉదయం ఏడు గంటలకి పళ్ళ డాక్టరు కాఫీ తాగుతూ ఆ రోజు పనులకి ఒక కాగితం మీద వేళలు వేసుకున్నాడు. ఎనిమిదికి ఒకే ఒక్క పేషెంటు, అదీ పళ్ళు శుభ్రం చేయడం. తొమ్మిదికి కారు టైర్ల ఎంపిక. పదికి బిగింపు. పదకొండుకి భార్యతో ప్రయాణం. కాగితం చూసుకుంటే ఆయనకే ముచ్చటేసింది. టైర్ల ఎంపిక అన్న ముక్క మాత్రం పెన్సిలుతో రాశాడు, ఎందుకంటే ఆ పని మూడు నెలలుగా నడుస్తూనే ఉంది.

కారు మామూలుది కాదు. నేలకి జానెడెత్తున ఉంటుంది. అందులో కూర్చోవడమంటే దాదాపు పడుకోవడమే. సీట్లు రెండే. ముందు టైర్లు సన్నం, వెనకవి వెడల్పు. ఇంజను ఉరిమితే వీధి కుక్కలు లేచి నిలబడతాయి. అలాంటి కారుకి ఎవరో ఇచ్చిన నాలుగు టైర్లు తగిలించుకుని తిరగడం తప్పని డాక్టరు నమ్మకం. మెత్తటి రబ్బరు రోడ్డుని బాగా పట్టుకుంటుంది గానీ తొందరగా అరిగిపోతుంది. గట్టి రబ్బరు మన్నుతుంది గానీ మలుపులో జారుతుంది. వానకి పనికొచ్చేది పొడిరోడ్డు మీద మోత పెడుతుంది. ఇవన్నీ నోటుపుస్తకంలో గళ్ళు గీసి మరీ రాసుకున్నాడు. సందేహం వచ్చినప్పుడల్లా పేషెంట్లతో చర్చించేవాడు. వాళ్ళు నోరు తెరుచుకుని వినేవాళ్ళు.

టైర్లు మార్చక తప్పని పరిస్థితి కిందటి నెల వచ్చింది. వానలో, నాలుగు రోడ్ల కూడలి దగ్గర, పక్క సీట్లో భార్య ఉండగా, కారు గిర్రున ఒకటిన్నర చుట్టు తిరిగి, వచ్చిన దారినే చూస్తూ ఆగింది. ఆవిడ అరవలేదు. సీటుబెల్టు తీసి, గొడుగు విప్పుకుని, ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే డాక్టరు పళ్ళ సందులు చూసే సన్నటి కొక్కెం, బుల్లి అద్దం పట్టుకుని నాలుగు టైర్లనీ పరీక్షించి, అన్నీ అరిగిపోయాయని తేల్చాడు.

ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. కొండరాళ్ళ మీద పెరిగే నాచుల గురించి పన్నెండేళ్ళు పని చేసింది. ఆ పనిని మొదటిసారి నలుగురి ముందూ పెట్టే అవకాశం ఈ శనివారమే వచ్చింది. కొండమీది కాలేజీలో, మధ్యాహ్నం ఒంటిగంటకి.

"పదకొండింటికి కారు గుమ్మం ముందుండాలి," అంది ఆవిడ కాగితాలు సర్దుకుంటూ. "ఏవో ఒకటి వేయించండి. గుండ్రంగా ఉంటే చాలు."

"అలా అనకు. ఎంత కష్టపడి మూడింటికి తెచ్చానో తెలుసా? ఒకటోది పట్టుకి, రెండోది వానకి, మూడోది మోత లేకుండా ఉండడానికి."

"మూడు నెలల్లో మూడింటికి తెచ్చారు. రెండు గంటల్లో ఒకటికి తేగలరా?"

తెస్తానని మాటిచ్చి డాక్టరు రెండు వీధుల అవతల ఉన్న క్లినిక్కుకి నడిచి వెళ్ళాడు. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది. తమ్ముడు వాషింగ్ మెషీన్లు అమ్ముతాడు, బావగారి కారంటే ప్రాణం.

"ఒరే, మీ బావకి పేషెంటు నోట్లో చెయ్యి పెడితే టైము తెలీదు. నువ్వొచ్చి ఆ టైర్ల సంగతేదో చూడు."

"పావుగంటలో అక్కడుంటానక్కా," అన్నాడు తమ్ముడు.

క్లినిక్కులో ఎనిమిదింటి పేషెంటు ఒక రిటైరైన హెడ్మాస్టరు. నిక్కచ్చి మనిషి, చెప్పిన వేళకి అయిదు నిమిషాల ముందే వచ్చి కుర్చీలో పడుకున్నాడు. నర్సు ఆయన మెడకి ఆకుపచ్చ గుడ్డ కట్టి, నోట్లో ఉమ్మి లాగే గొట్టం పెట్టింది. డాక్టరు పని మొదలుపెట్టబోతుండగా టైర్ల షాపాయన ఫోన్ చేశాడు. డాక్టరు ఫోన్‌ని చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, చేతులకి గ్లవుజులు వేసుకుంటూ మాట్లాడసాగాడు.

"ముందువి రెండూ బాగా అరిగిపోయాయండీ. వెనకవైతే చెప్పక్కర్లేదు. నాలుగూ ఇవాళే పీకి పారేద్దాం."

హెడ్మాస్టరు కళ్ళు పెద్దవయ్యాయి.

"వద్దు వద్దు, సుత్తి మాత్రం వాడొద్దు. కిందటిసారి ఎవడో సుత్తితో బాదితే అంచంతా సొట్టపోయింది. కొత్తవి ఎక్కించే ముందు చుట్టూ సబ్బునీళ్ళు రాయండి, జారిపోయి కూర్చుంటాయి. పాతవి నాకక్కర్లేదు, మీరే ఉంచుకోండి."

హెడ్మాస్టరు గొట్టం లాగిపారేసి, కుర్చీ దిగి, మెడలో గుడ్డతో సహా కాళ్ళకి బుద్ధి చెప్పాడు. డాక్టరు ఫోన్‌ని పనిముట్ల పళ్ళెంలో పడేసి వెంటపడ్డాడు. "మాస్టారూ! ఆగండి! రెండే నిమిషాలు! రెండే!"

పళ్ళెంలో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. నర్సు అందుకుంది.

"ఇంతకీ ఏది పంపమంటారమ్మా? ఒకటోదా, రెండోదా, మూడోదా?" అడిగాడు షాపాయన.

నర్సు కిటికీలోంచి వంగి, "డాక్టరుగారూ, ఏది పంపమంటారంట?" అని కేకేసింది.

వీధి చివరి నుంచి "రెండే! రెండే!" అన్న కేక వచ్చింది.

"రెండేనటండీ."

"రెండోదేగా? సరే, నాలుగూ క్లినిక్కుకే పంపిస్తున్నా," అని షాపాయన పెట్టేశాడు.

డెబ్భై దాటిన మనిషి అంత వేగంగా పరిగెత్తగలడని డాక్టరుకి ఆ రోజే తెలిసింది. హెడ్మాస్టరు టైలరు కొట్టు దగ్గర ఆగి, రొప్పుతూ, అక్కడున్న నలుగురికీ జరిగినదంతా వివరించాడు. సరిగ్గా ఆ సమయానికి డాక్టరు తెల్లకోటు ఎగురుతుండగా అక్కడికి చేరి, "సుత్తి మీకు కాదండీ!" అన్నాడు. దాంతో ఉన్న కాస్త అనుమానం కూడా తీరిపోయి, ఆ నలుగురూ హెడ్మాస్టరుకి అడ్డంగా నిలబడ్డారు. తొమ్మిదిలోపు సోమవారం పేషెంట్లు ముగ్గురు రావట్లేదని ఫోన్ చేశారు. అందులో ఒకావిడ, "సబ్బునీళ్ళు ఎందుకు రాస్తారమ్మా?" అని నర్సుని మెల్లగా అడిగింది.

ఇంటి దగ్గర పనులు చకచకా సాగాయి. బావమరిది ఇంటికొచ్చి టైర్లు మార్చే వ్యాను ఒకదాన్ని పిలిపించాడు. మెకానిక్ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి, సొంత అభిప్రాయాలు లేనివాడు.

"ఏ రకం వేయమంటారు?"

"అన్నిటికన్నా గట్టిగా రోడ్డుని పట్టుకునేది ఏదుంటే అది," అన్నాడు బావమరిది. ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

వ్యానులో ఆ రకం టైర్లు లేవు. షెడ్డుకి తీసుకెళ్ళి మార్చి తెస్తానని, మెకానిక్ కారుని నాలుగు ఇనుప స్టాండ్ల మీదకి ఎత్తి, చక్రాలు నాలుగూ ఊడదీసి, వ్యానులో వేసుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదింబావుకి డాక్టరు క్లినిక్కుకి తిరిగొచ్చేసరికి వెయిటింగ్ రూములో నాలుగు కొత్త టైర్లు కూర్చుని ఉన్నాయి. "మీరే కదండీ రెండోదన్నారు," అంది నర్సు. డాక్టరు టైర్ల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. వానకి పనికొచ్చే రకం. ఒకందుకు మంచిదే అయింది, ఎంపిక అయిపోయింది అనుకుని ఇంటికి ఫోన్ చేశాడు.

"బావా, పని సగం పైగా అయిపోయింది!" అన్నాడు బావమరిది. "నీ నోటుపుస్తకంలో ఒకటో రకం వేయిస్తున్నా. చక్రాలు షెడ్డుకి బయల్దేరాయి."

"ఒకటోదా? ఎవరు చెప్పారు నీకు? వాన పడితే నీటిమీద పడవలా తేలిపోతుంది! వద్దు! వాణ్ణి ఎక్కడికక్కడ ఆపేయమను!"

బావమరిది ఆ మాట మార్చకుండా అందించాడు. మెకానిక్ వంతెన మధ్యలో ఉన్నాడు. అక్కడికక్కడే ఆపేశాడు. వెనక బండ్లన్నీ హారన్లు కొట్టాయి. ఎంత కొట్టినా, తనకి ఆగమని ఆర్డరని మెకానిక్ కిందకి దిగి వాళ్ళకి ఓపిగ్గా నచ్చజెప్పాడు.

ఇప్పుడు కారు ఇంట్లో ఉంది, చక్రాలు వంతెన మీద, టైర్లు క్లినిక్కులో. మూడూ ఒకచోటికి చేరితే చాలు. డాక్టరు సరుకుల ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడి, టైర్లు ఎక్కించి, సీటులో చోటు లేక తనూ వాటి మీదే కూర్చుని ఇంటికి బయల్దేరాడు. అదే సమయానికి బావమరిది, టైర్లు ఎలాగూ అక్కడే ఉన్నాయి కదా అని, వ్యానుని క్లినిక్కుకి వెళ్ళమన్నాడు. ఆ సంగతి చెప్పుకుందామని ఇద్దరూ ఒకేసారి ఒకరికొకరు ఫోన్ చేసుకున్నారు. ఇద్దరికీ ఎంగేజే వచ్చింది.

డాక్టరు ఇల్లు చేరేసరికి స్టాండ్ల మీద కారు, పక్కన బావమరిది ఉన్నారు. "వ్యాను ఏదిరా?"

"క్లినిక్కుకి పంపాను. టైర్లు ఏవీ?"

"ఇవిగో, నా కిందే ఉన్నాయి!"

డాక్టరు దిగకుండానే ట్రాలీని వెనక్కి తిప్పించాడు. ఈలోపు క్లినిక్కులో నర్సు మెకానిక్‌తో, టైర్లు ఇంటికెళ్ళాయని ఎంతో మర్యాదగా చెప్పింది. మెకానిక్ ఇంటికి బయల్దేరాడు. ట్రాలీ, వ్యాను బడి గోడ పక్కన సందులో ఎదురుపడ్డాయి. సందు ఇరుకు. మెకానిక్ మర్యాదగా వ్యానుని వెనక్కి తీసి దారిచ్చాడు. అందులో ఉన్నవి తన చక్రాలేనని డాక్టరుకి తెలీదు. టైర్ల మీద తెల్లకోటులో కూర్చున్న పెద్దమనిషి ఎవరో మెకానిక్‌కీ తెలీదు. ఒకరికొకరు నమస్కారం పెట్టుకున్నారు.

పదీముప్పావుకి ఆవిడ చీర మార్చుకుని, కాగితాల సంచి భుజాన వేసుకుని బయటికొచ్చింది. చక్రాల్లేని కారునీ, నీళ్ళు నములుతున్న తమ్ముణ్ణీ చూసింది. అప్పుడే గేటు ముందు వ్యాను ఆగింది.

"టైర్లు ఇక్కడున్నాయన్నారు," అన్నాడు మెకానిక్.

ఆవిడ తమ్ముడి చేతిలో ఫోన్ తీసుకుంది. "ఏవండీ, ఎక్కడున్నారు?"

"క్లినిక్కులో. వ్యాను..."

"ఇక్కడుంది, ఇక్కణ్ణించి కదలదు. మీరు ఆ ట్రాలీలో ఇంటికి రండి. దారిలో కొత్తగా ఏమీ ఆలోచించకండి."

డాక్టరు వచ్చేలోపు ఊరికే నిలబడడమెందుకని మెకానిక్ చక్రాలు నాలుగూ దించి, గుడ్డతో తుడిచి, టైర్ల మీది గాళ్ళ లోతు కొలిచే చిన్న పుల్ల పెట్టి చూశాడు. ఇంకోసారి చూశాడు. మొదటిసారిగా ఆ రోజు అతనికి ఒక అభిప్రాయం కలిగింది.

"అమ్మా, ఇవి ఎందుకు మారుస్తున్నారు?"

"అరిగిపోయాయటగా?"

"ఎవరన్నారమ్మా? ఇంకో రెండేళ్ళు నిక్షేపంలా తిరుగుతాయి."

సరిగ్గా అప్పుడే ట్రాలీ వచ్చింది. డాక్టరు టైర్ల మీంచి దిగి, "నేను స్వయంగా కొక్కెం పెట్టి చూశానయ్యా," అన్నాడు. "కిందటి నెల వానలో బొంగరంలా తిరిగిపోయింది కూడాను."

మెకానిక్ టైరు పక్కన చెక్కి ఉన్న చిన్న బాణం గుర్తు మీద వేలు పెట్టాడు. "తిరగదా మరి? ఈ టైరు బాణం చూపించిన వైపే తిరగాలి సార్. అప్పుడే గాళ్ళు నీళ్ళని బయటికి చిమ్ముతాయి. మీవి ఎడమవి కుడికి, కుడివి ఎడమకి వేసున్నాయి. నీళ్ళన్నీ లోపలికే లాక్కుంటున్నాయి. ఎవరో బుద్ధి లేనివాడు మార్చాడు."

అటూ ఇటూ మారిస్తే టైర్లు ఎక్కువ కాలం వస్తాయని ఎక్కడో చదివి, నాలుగు నెలల కిందట దగ్గరుండి అలా మార్పించినవాడు గొంతు సవరించుకున్నాడు.

"ఎవరు మార్పించారు?" అంది ఆవిడ.

"అదే... సిద్ధాంతం ప్రకారం..." అన్నాడు డాక్టరు.

ఆవిడ మెకానిక్ వైపు తిరిగి, "సరైన వైపు బిగించడానికి ఎంతసేపు?" అంది.

"పావుగంట చాలమ్మా."

పదకొండుంబావుకి చక్రాలు ఎవరి వైపుకి అవి చేరాయి. కొత్త టైర్లు వచ్చిన ట్రాలీలోనే షాపుకి తిరుగు ప్రయాణం కట్టాయి. సన్నగా వాన మొదలైంది. డాక్టరు డ్రైవరు సీటు వైపు నడిచేసరికి ఆవిడ అందులో కూర్చుని అద్దం సరిచేసుకుంటోంది.

"నువ్వా? ఇది మన పాత కారు కాదు. దీనికి అలవాటుండాలి."

"పాత కారు పదకొండేళ్ళు నడిపాను. అది ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి నిలబడలేదు. ఎక్కుతారా, ఉండిపోతారా?"

డాక్టరు తెల్లకోటుతోనే ఎక్కాడు. కూడలి దగ్గర కారు బుద్ధిగా వంపు తిరిగింది. ఘాట్ రోడ్డు మీద ప్రతి మలుపుకీ డాక్టరు కుడికాలు నేలని తొక్కుతూనే ఉంది.

"అక్కడ బ్రేకు లేదండీ," అంది ఆవిడ, రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

ఒంటిగంటకి అయిదు నిమిషాలుందనగా కొండమీది కాలేజీ చేరారు. చివరి వరసలో కూర్చుని డాక్టరు నాచుల గురించి గంటసేపు విన్నాడు. వేళ్ళు లేని మొక్క జారుడు రాయిని ఎలా పట్టుకుంటుందో ఆవిడ చెబుతుంటే హాలంతా ముందుకి వంగి వింది. పన్నెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఇందులో ఒక్క ముక్క కూడా తను అడగలేదని గుర్తొచ్చి ఆయనకి కాస్త సిగ్గేసింది. అందరికన్నా ఆలస్యంగా చప్పట్లు ఆపింది ఆయనే.

సాయంత్రం కారు దగ్గరికొచ్చాక డాక్టరు చెయ్యి చాపాడు. "ఇక తాళం ఇటివ్వు. అలిసిపోయుంటావు."

"చక్రాలు కొత్తగా వైపు మారాయి కదండీ, సర్దుకోవాలి. కొన్నాళ్ళు నేనే నడుపుతాలెండి," అంది ఆవిడ.

అలాంటి నియమమేదీ డాక్టరు ఎక్కడా చదవలేదు గానీ, ఆ రోజు సిద్ధాంతాల జోలికి వెళ్ళే ధైర్యం చాలక పక్క సీట్లో కూర్చున్నాడు.

ఆ కొన్నాళ్ళకి మొన్నటితో ఏడు నెలలు నిండాయి.