బూరుల్ అపా కడిగిన గింజలు

ఆ ఉదయం మీర్‌గుల్ వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. చిక్కుడు గింజలకు పంచదార పాకం పట్టించి, పట్నం ప్రయోగశాల నుంచి తెచ్చుకున్న నల్లటి పొడి కలిపి, నీడన ఆరబెట్టాలి. మధ్యాహ్నానికి ట్రాక్టరు పిలిచి విత్తించాలి. ఆ పొడిలో ఉన్నవి కంటికి కనిపించని జీవులు. చిక్కుడు వేళ్ళకు బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెడతాయి.

మూడేళ్ళుగా వాళ్ళ చేను పచ్చకామెర్లు వచ్చినట్టు పాలిపోతోంది. ఊరంతా అపా, అంటే అమ్మా, అని పిలిచే అత్తగారు బూరుల్ విసిగిపోయి, ఈసారి కూడా ఇంతే అయితే దిగువ చేనును, దానికి కిందనే సాగు చేసుకునే తోక్తోసున్‌కు కౌలుకిచ్చేస్తానని తేల్చి చెప్పింది. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటాడు. ఆ చేను పోతే మీర్‌గుల్‌కు మిగిలేది వంటిల్లు, టీ కెటిలు. అందుకే గింజలు కంబళి మీద పరిచి, ఎంతో ఆశగా ట్రాక్టరు కోసం వెళ్ళింది.

ఆమె అటు వెళ్ళగానే బూరుల్ పక్కింటి టీ విందు నుంచి తిరిగొచ్చింది. కంబళి చూసి గుండె పట్టుకుంది. వాళ్ళుండే తలాస్ లోయలో తెల్ల చిక్కుడు గింజ మీద చిన్న మచ్చ కనిపించినా కొనేవాడు పక్కకు విసిరేస్తాడు. ఇక్కడ గింజలన్నీ బొగ్గుల్లా ఉన్నాయి. కోడలు పొయ్యి బూడిద ఒలకబోసి, భయపడి చెప్పలేదని ఆమెకు తోచింది. పైగా తన ఆడపడుచులు కాసేపట్లో టీకి వస్తారు. పిల్ల పరువు పోకూడదని జాలిపడి, గింజలన్నీ బుట్టల్లోకి ఎత్తి, ఇంటి ముందు కాలువలో ముంచి, చేతులు నొప్పి పుట్టేదాకా రుద్ది కడిగింది.

ఆ పూట కాలువ నీళ్ళ వంతు తోక్తోసున్‌ది. అప్పుడే చిక్కుడు మొలకలు లేస్తున్న తన చేలోకి నల్లటి నీళ్ళు రావడం చూసి, అతను పార భుజాన వేసుకుని ఎగువకు పరుగెత్తాడు. ట్రాక్టరుతో మీర్‌గుల్ కూడా అప్పుడే వచ్చింది. ముత్యాల్లా మెరుస్తున్న గింజలు చూసి ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"చూశావా తల్లీ, ఎంత తెల్లగా వచ్చాయో," అంది బూరుల్.

"అపా, అది మురికి కాదు. అందులో బాక్టీరియా ఉంది. కావాలనే పట్టించాను."

ఆ మాట తోక్తోసున్ చెవిన పడింది. ఇక చూసుకోవాలి. రోగాన్ని తన చేలోకి వదిలారని వీధంతా వినిపించేలా అరిచాడు. అతని భార్య ఆద్రాష్మాన్ ఆకు అంటించి, గట్టు పొడుగునా దిష్టి పొగ వేసింది. ఎవరో తమ గొర్రెలను అటు పోనివ్వకుండా తోలేశారు. సాయంత్రానికల్లా నీళ్ళ వంతులు చూసే మామిర్ పెద్దాయన ముందు పంచాయితీ పెట్టారు. పెద్దల ముందు కోడలు నోరు విప్పకూడదు కనుక, మీర్‌గుల్ టీ పోస్తూ నిలబడింది.

కోడలిని అంతమంది అంటుంటే బూరుల్‌కు పౌరుషం వచ్చింది.

"నీ పంట పాడైతే మా దిగువ చేను నీకే ఇచ్చేస్తా, తోక్తోసున్. కౌలుకి కాదు, ఊరికే," అనేసింది.

మీర్‌గుల్ దగ్గర ఇక పొడి లేదు. మళ్ళీ తెచ్చేలోగా విత్తే అదను దాటిపోతుంది. కడిగిన గింజలే విత్తుకుంది.

వేసవి నడిమికి ఆమె చేను మళ్ళీ పాలిపోయింది. కిందనున్న తోక్తోసున్ చేను మాత్రం కాటుక పూసినంత నల్లపచ్చగా, గట్టు కనపడనంత ఏపుగా ఎదిగింది. అతను రోగం ఊసెత్తడం మానేశాడు. అయినా ఊరికే వస్తానన్న భూమిని వదలడానికి మనసొప్పక, ఒకనాడు మామిర్‌ను, ఇరుగుపొరుగును వెంటబెట్టుకొచ్చి, తన చేలో ఒక మొక్క పెరికి చూపించాడు.

"పెద్దాయనా, వేళ్ళు చూడండి. ఒళ్ళంతా గడ్డలే. జబ్బు కాకపోతే ఏమిటిది?"

వేళ్ళనిండా నిజంగానే బుడిపెలున్నాయి. వచ్చినవాళ్ళకు టీ పోస్తున్న మీర్‌గుల్ ఇక ఆగలేకపోయింది. టీ కెటిలు కింద పెట్టి, ఒక బుడిపెను గోటితో చిదిమింది. లోపల ఎర్రగా ఉంది.

"ఇది మొక్కకు అన్నం వండిపెట్టే పొయ్యి, పెద్దాయనా. ఎర్రగా ఉందంటే మండుతున్నట్టే. మా చేలో మొక్క కూడా పెరికి చూడండి, ఒక్కటీ ఉండదు. మా అపా కడిగిందంతా ఆయన చేలోకి పోయింది."

మామిర్ ఆమె చేలో మొక్క కూడా పెరికాడు. వేళ్ళు నున్నగా ఉన్నాయి, ఆకులు పసుపు. రెండు మొక్కలనూ పక్కపక్కన పట్టుకుని పోల్చి చూశాడు.

"తోక్తోసున్, ఈ జబ్బేదో వచ్చే ఏడు మా చేనుకి కూడా అంటించమని ఈ పిల్లని అడుగు. నేనడిగితే బాగుండదు."

అందరూ నవ్వారు. ఆఖరికి తోక్తోసున్ కూడా నవ్వక తప్పలేదు. బూరుల్ నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, కోడలి మట్టి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. దిగువ చేను మీర్‌గుల్‌దేనని, ఇక దాని మీద తన మాట కూడా చెల్లదని అందరి ముందూ చెప్పింది.

మరుసటి వసంతంలో సగం ఊరు గింజల బస్తాలతో వాళ్ళ వాకిట్లో బారులు తీరింది. చిక్కుడు గింజలు కడగడమంత బుద్ధి తక్కువ పని ఇంకోటి లేదని, వచ్చిన ప్రతి ఒక్కరికీ బూరుల్ అపాయే వివరంగా చెప్పి పంపింది.