మనవరాలి కరిక్యులం

"నా మనవరాలు కుసుమ ఏ బడికీ ఎల్లదు. బడే మా ఇంటికొస్తాది!"

మార్కెట్ కమిటీ మాజీ చైర్మన్ వైకుంఠరావు పలాస కాశీబుగ్గలోని ఒక హోటల్లో విలేకరుల సమావేశం పెట్టి మరీ ఈ చరిత్రాత్మక ప్రకటన చేశాడు. విలేకరులు నలుగురొచ్చారు. ఉప్మాలో జీడిపప్పు దండిగా పడటంతో నలుగురూ చివరిదాకా కూర్చున్నారు.

"అంటే, పాపను చదువు మాన్పించేస్తున్నారా సార్?" అని వాళ్ళలో ఒకడు అడిగాడు.

"మాన్పించడం కాదయ్యా. దీన్ని హోమ్ స్కూలంటారు. ఇల్లే బడి! ఫారిన్లో పెద్దపెద్దోళ్ళందరూ పిల్లల్ని ఇంటికాడే సదివిస్తన్నారు. మన పలాస ఎందులో తక్కువ?"

పలాస ఎందులోనూ తక్కువ కాదని నలుగురూ రాసుకున్నారు.

ఇంత గొప్ప ఆలోచన వెనక చిన్న కారణం ఒకటుంది. ఊళ్ళో పేరున్న కాన్వెంటు అవతలి పార్టీ పాపారావుది. అక్కడ ప్రేయర్ కాగానే పిల్లలందరూ కరస్పాండెంటుగారికి వంగి గుడ్ మార్నింగ్ చెప్పాలి. నాలుగున్నరేళ్ళ కుసుమ పాపారావు ముందు రోజూ వంగుతుందన్న ఊహకే వైకుంఠరావుకు అన్నం సహించలేదు. ఇక వీధి చివర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. దాని భవనాన్ని స్వయంగా ఆయనే ప్రారంభించాడు. ప్రారంభించినవాళ్ళు తమ పిల్లల్ని అందులో చదివించే ఆచారం మన దేశంలో లేదు కనుక ఆయన దాని గురించి ఆలోచించలేదు.

కొడుకూ కోడలూ జీడిపప్పు ఫ్యాక్టరీ చూసుకుంటారు. వాళ్ళు కుటుంబంలో ఉన్నారే గాని, విధాన నిర్ణయాల్లో లేరు.

మర్నాడు పేపర్లో వార్త పడింది. రాజధాని నుంచి మంత్రిగారి పేషీ వాళ్ళు ఫోన్ చేసి, ఇది రాష్ట్రానికే పైలట్ ప్రాజెక్టు అవుతుందనీ, మంత్రిగారు స్వయంగా వచ్చి చూస్తారనీ చెప్పారు. ఫోన్లోనే లేచి నిలబడి నమస్కారం పెట్టిన వైకుంఠరావు, వెంటనే పార్టీ యువజన విభాగం కార్యదర్శి ధనుంజయ్‌ని పిలిపించాడు. ధనుంజయ్‌కి కంప్యూటర్ వచ్చు. వచ్చని అందరూ అనుకుంటారు.

"ముందు మనం కరిక్యులం సెలెక్ట్ చేసుకోవాలి సార్," అన్నాడు ధనుంజయ్.

"అదేటి?"

"ఏం నేర్పాలి, ఎలా నేర్పాలి అన్నది సార్."

"దానికేటుంది? అఆలు నేర్పీదుము."

"అలాగంటే మంత్రిగారి దగ్గర మన లెవెల్ పడిపోద్ది సార్. ప్లేవే అని ఒకటుంది. మాంటిస్సోరి అని ఇంకోటుంది."

"ఆ మాంటిస్సోరి ఎవుల మనిసి?"

"ఇటలీ ఆవిడ సార్."

వైకుంఠరావు గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇటలీ అంటే పైనున్నోళ్ళు ఏటంటారో ముందు కనుక్కో."

కనుక్కోవడం తేలేది కాదు గనక కమిటీ వేశారు. టెక్కలిలో రిటైరైన హెడ్మాస్టరు నీలకంఠం అధ్యక్షుడు. జీడిపప్పు వర్తకుడు కూర్మారావు, ఉద్దానంలో కొబ్బరి తోటలున్న అప్పలసూరి, అక్కుపల్లి మత్స్యకారుల సంఘం నాయకుడు పోలారావు సభ్యులు. ధనుంజయ్ కన్వీనర్. వైకుంఠరావు గౌరవాధ్యక్షుడు. విద్యార్థిని ఒక్కర్తే కాబట్టి కమిటీ మొత్తం ఆమె మీదే దృష్టి పెట్టగలిగింది.

మొదటి సమావేశం వైకుంఠరావు ఇంటి హాల్లో జరిగింది. ఇంగ్లీషు అక్షరాలు ఏ, బీ దాకా సాఫీగానే సాగాయి. సీ దగ్గర ఆగిపోయాయి.

"సి ఫర్ క్యాట్," అన్నారు నీలకంఠం మాస్టారు, ముప్పై ఏళ్ళుగా అంటున్న అలవాటుకొద్దీ.

కూర్మారావు కుర్చీ వెనక్కి తోశాడు. "పలాసలో కూకోనీసి పిల్లి గురించి మాటాడతావేటి మాస్టారూ? ఈ ఊరి పేరు దేశమంతా తెలిసింది పిల్లి వల్లనా? సి ఫర్ క్యాషూ!"

"ఆగాగు," అన్నాడు అప్పలసూరి. "ఉద్దానం ఏటయిపోనాది? సి ఫర్ కోకనట్. కొబ్బరి నేకపోతే మా పిలగాళ్ళు ఏటి తిని పెరిగినారు?"

"ఇద్దరూ ఆగండి," అన్నాడు పోలారావు. "ఎఫ్ ఫర్ ఫిష్ అని ముందు తేల్చండి. తేలకపోతే నాను లేసిపోతాను."

"ఎఫ్‌కి ఇంకా రాలేదు బావా," అన్నాడు కూర్మారావు.

"వొచ్చేసరికి మా సముద్రం ఎండిపోద్ది."

ఎఫ్ విషయంలో పోలారావుకు హామీ ఇచ్చి కూర్చోబెట్టారు. సీ మాత్రం తేలలేదు. రెండోనాటికి విషయం ఉద్దానమంతా పాకింది. వజ్రపుకొత్తూరు వైపు నుంచి ట్రాక్టర్ల మీద రైతులొచ్చి, "సి ఫర్ కోకనట్, జిందాబాద్!" అని వైకుంఠరావు గేటు ముందు నినాదాలిచ్చారు. జీడిపప్పు వర్తకులు ఆ పూట దుకాణాలు మూసేశారు. పోలీసులు వచ్చి, ఇంతకీ ఈ సి ఎవరని అడిగారు.

ఇలాంటప్పుడే నాయకుడన్నవాడు బయటపడతాడు. వైకుంఠరావు అరుగు మీదికొచ్చి చెయ్యెత్తాడు. "ఇంగ్లీషులో సి రెండుంటాయి. పెద్ద సి జీడికి. చిన్న సి కొబ్బరికి!"

"మాకు చిన్నదేటి?" అని ట్రాక్టర్ల మీంచి కేకలొచ్చాయి.

"ఆరు నెలలు అలాగ. ఆరు నెలలు తిరగేసి."

ట్రాక్టర్లు శాంతించి వెళ్ళిపోయాయి. నీలకంఠం మాస్టారు తలపట్టుకున్నారు గాని, అధ్యక్షుడు కనుక సంతకం పెట్టారు.

ఆ తర్వాత అధ్యయన యాత్ర. పక్క రాష్ట్రంలో కిండర్‌గార్టెన్లు ఎలా నడుస్తున్నాయో చూడటానికి కమిటీ సభ్యులు కుటుంబాలతో సహా పూరీ వెళ్ళారు. వేసవి సెలవులు కావడంతో బళ్ళన్నీ మూసి ఉన్నాయి. అధ్యయనం ప్రశాంతంగా సాగింది. దర్శనం బాగా అయింది. కుసుమను తీసుకెళ్ళలేదు. చిన్నపిల్ల, ఎండకు తట్టుకోలేదు.

వాళ్ళు తిరిగొచ్చేసరికి కంపెనీలవాళ్ళు క్యూ కట్టారు. విజయనగరం నుంచి ఒకడు, విశాఖపట్నం నుంచి ఇద్దరు, పెద్దపెద్ద పెట్టెల్లో శాంపిల్ కిట్లు తెచ్చారు. రంగురంగుల చెక్కముక్కలు, పూసలు, బొమ్మల గడియారాలు. కమిటీ వాటిని క్షుణ్ణంగా పరిశీలించింది. కూర్మారావు ఒకపూటంతా కష్టపడి చెక్కముక్కలతో కోట కట్టాడు. పోలారావు చెయ్యి తగిలి అది కూలిపోతే ఇద్దరూ రెండ్రోజులు మాట్లాడుకోలేదు.

కుసుమ గుమ్మం దగ్గర నిలబడి చూసింది.

"తాతా, నాకో ముక్క ఇయ్యవా?"

"ఉండమ్మా," అన్నాడు వైకుంఠరావు ముద్దుగా. "ఇంకా పరిశీలనలో ఉంది."

ఆయనకు మనవరాలంటే ప్రాణం. ఆ పిల్ల కోసమే గదా ఇంతమందికీ ఇంట్లో భోజనాలు. ఆ భోజనాలు వండేది ఆయన భార్య కాసులమ్మ. ఆమె రెండుసార్లు హాల్లోకి తొంగిచూసి, "గుంటకి అచ్చరం ముక్క నేర్పినోడు ఒక్కడూ నేడు, టీ మాత్రం ఎన్నిసార్లు?" అంది. మినిట్స్‌లో ఈ మాట ఎక్కలేదు. ఆ తర్వాత ఆమె రోజూ పొద్దున్నే వంట ముగించి, కుసుమను తీసుకుని బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది. ఎక్కడికని ఎవరూ అడగలేదు. అజెండాలో లేదు.

కమిటీ గడువు ఒకసారి పొడిగించారు. ఇంకోసారి పొడిగించారు. ఈలోగా మంత్రిగారు రానే వచ్చారు.

వీధంతా తోరణాలు కట్టారు. "ఇల్లే బడి" అని వైకుంఠరావు ఇంటి మీద పెద్ద బ్యానర్ వేలాడింది. హాల్లో సోఫా మీద మంత్రిగారు, చుట్టూ అధికారులు, వెనక విలేకరులు. కరిక్యులం మాత్రం జీ దగ్గరే ఉంది. వైకుంఠరావు లోపల లెక్క వేసుకున్నాడు. పిల్ల నోరు విప్పకపోతే పరువు గంగపాలు. నోరు విప్పినా ఏముంది చెప్పడానికి?

"ఏదమ్మా, ఏం నేర్చుకున్నావో చెప్పు," అన్నారు మంత్రిగారు.

కుసుమ చేతులు కట్టుకుంది. గుక్క తిప్పుకోకుండా అఆలన్నీ చెప్పింది. గుణింతం చెప్పింది. వంద దాకా అంకెలు చెప్పి, మంత్రిగారి వెనకున్న క్యాలెండర్ మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ఆపైన చేపల మీద ఒక పాట అభినయంతో పాడింది. పోలారావుకు కళ్ళనీళ్ళొచ్చాయి.

అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది వైకుంఠరావే. పిల్లకు చదవడం వచ్చు! గుండె ఉప్పొంగింది. ఎలా వచ్చిందన్న ప్రశ్న ఆ ఉప్పెనలో కొట్టుకుపోయింది.

"అద్భుతం!" అన్నారు మంత్రిగారు. "ఏ పుస్తకాలు చదివావమ్మా?"

"పుస్తకాలు ఇంకా రానేదండి," అంది కుసుమ. "మా టీచరు నల్లబల్ల మీద రాస్తాది."

"ఏ టీచరమ్మా?"

"రోజా టీచరు. మా బళ్ళో. మా మామ్మ తీసికెల్తాది. నాను ముందు బల్లలో కూకుంటాను."

వీధి చివరి సర్కారు బళ్ళో రోజా టీచరు పనిచేస్తుందని అధికారులకు తెలుసు. వాళ్ళు చూపులు నేలకు దించారు. వైకుంఠరావు భార్యవైపు చూశాడు. కాసులమ్మ ఆయనవైపే చూసింది, కొంచెం కూడా తల దించలేదు.

క్షణంలో ఆయన తేరుకున్నాడు.

"సూసినారా సార్! ఇంటినే బడి అనుకుంతంది! హోమ్ స్కూల్ అంటే ఇదే గదండీ!"

మంత్రిగారు పిల్ల తల నిమిరారు. ఎంతగా కదిలిపోయారంటే అక్కడికక్కడే ప్రకటించారు. "ఇంట్లోనే ఇంత చదువు వస్తుంటే, ఈ వీధిలో ప్రభుత్వానికి బడి ఎందుకు? దాన్ని ఈ రోజే మూసేసి, రాష్ట్ర హోమ్ స్కూల్ రిసోర్స్ సెంటర్‌గా మారుస్తున్నాం. వైకుంఠరావుగారే దానికి చైర్మన్!"

చప్పట్లు మోగాయి. సాయంత్రానికల్లా బడికి తాళం పడింది. తాళం చెవి పళ్ళెంలో పువ్వుల మధ్య పెట్టి చైర్మన్‌గారికి అందజేశారు. చాలాకాలంగా మాజీగా ఉన్న మనిషి మళ్ళీ తాజా అయ్యాడు.

మర్నాడు పొద్దున్న ఆయన పళ్ళు తోముకుంటుంటే గేటు చప్పుడైంది. ముందు నూకమ్మ ఉంది. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. వెనక వీధిలోని తల్లులందరూ. వాళ్ళ వెనక పలకలతో, సంచులతో బడి మొత్తం.

"ఇల్లే బడి అన్నావట గదా మావా," అంది నూకమ్మ. "పనికి ఏలయిపోతంది. పిల్లల్ని ఎక్కడ కూకోబెట్టమంతావు?"

"మీ మీ ఇళ్ళల్లో..."

"మా ఇంటిమీద బేనర్ నేదు మావా. నీ ఇంటిమీదే ఉన్నాది."

ఆయన నోరు పుక్కిలించేలోపు పిల్లలు లోపలికొచ్చేశారు. సోఫాలు నిండాయి. మేడమెట్లు నిండాయి. పరిశీలనలో ఉన్న చెక్కముక్కలు తొలిసారి పిల్లల చేతుల్లో పడ్డాయి. వైకుంఠరావు గొంతు సవరించుకుని, "సి ఫర్..." అని మొదలుపెట్టాడు.

"పెద్ద సీయా, చిన్న సీయా?" అని ఒకడు అడిగాడు.

ఇది ఎవరి ఆరునెలలో గుర్తురాక ఆయన డీకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి గొంతు పోయింది. ఒక పిల్లాడు ఆయన ఒళ్ళో నిద్రపోయాడు. ఇంకొకడు ఫోన్ తీసి మంత్రిగారి పేషీకి గుణింతం అప్పజెప్పాడు.

"బోజనం ఏలయింది," అంది కాసులమ్మ. "కమిటీకి వొండినాను, బడికి వొండనేనా? నువ్వొచ్చి గరిటె పట్టుకో."

వైకుంఠరావు గరిటె పట్టుకున్నాడు. సాయంత్రం నడుం పట్టేసి, వాలుకుర్చీలో వాలి ధనుంజయ్‌ని పిలిచాడు. "ఏటి సేద్దుమురా?"

ధనుంజయ్ ఆలోచించాడు. "ఉద్యమం సార్."

మర్నాడు తాళం వేసిన బడి ముందు టెంటు వెలిసింది. "పేద పిల్లల బడి మూసివేత దుర్మార్గం!" అని బ్యానర్. దాని కింద మెడలో దండతో వైకుంఠరావు. పిల్లలూ తల్లులూ చుట్టూ కూర్చున్నారు. కమిటీ సభ్యులంతా సంఘీభావం తెలిపారు. కూర్మారావు, అప్పలసూరి ఒకే చాప మీద కూర్చోవడం చూసి జనం ముచ్చటపడ్డారు.

"నా ప్రాణం పోయినా సరే, ఈ బడిని మూయనీను!" అని వైకుంఠరావు మైకులో గర్జించాడు. మూసినవాళ్ళెవరో ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు. కుసుమ తాత పక్కనే కూర్చుని, ఆయన ఆగినప్పుడల్లా "జిందాబాద్" అంది. అది వింటుంటే ఆయనకు నిజంగానే ఆవేశం వచ్చింది. తను కోరుకున్నది ఇదేనేమో అని కూడా అనిపించింది.

పొద్దు వాలకముందే మండల విద్యాధికారి జీపులో వచ్చి, ప్రజా ఉద్యమానికి తలవొగ్గి బడి తిరిగి తెరుస్తున్నట్టు ఉత్తర్వు చదివాడు. జనం ఈలలు వేశారు. వైకుంఠరావు నిమ్మరసం తాగాడు. అందరూ తలుపు దగ్గరికి నడిచారు.

"తాళం చెవి?" అన్నాడు విద్యాధికారి.

"రిసోర్స్ సెంటర్ చైర్మన్‌గారి దగ్గరుందండి," అన్నాడు గుమాస్తా.

వైకుంఠరావు లాల్చీ జేబులో చెయ్యిపెట్టి తాళం చెవి తీశాడు. తలుపు తీశాడు. చప్పట్లతో వీధి దద్దరిల్లింది. కుసుమ అందరికంటే ముందు పరుగెత్తి మొదటి బల్లలో కూర్చుంది. దాని వెనక బడంతా. ఆ వెనక రోజా టీచరు సుద్దముక్కతో.

"సార్, సార్!" అని ఫోటోగ్రాఫర్ అరిచాడు. "ఫ్లాష్ పడలేదు. ఇంకోసారి సార్."

వైకుంఠరావు దండ సర్దుకున్నాడు. తలుపు దగ్గరకు లాగి, తాళం మళ్ళీ వేసి, తాళం చెవి పట్టుకుని కెమెరావైపు నవ్వాడు. లోపల కిటికీ ఊచలు పట్టుకుని పిల్లలందరూ చప్పట్ల కోసం ఎదురుచూస్తున్నారు.