తెల్ల కాగితం మనసు

కళావతి భర్త చొక్కాను సబ్బు నీళ్లలో ముంచబోతూ జేబు తడిమింది. మర్నాడు పరశురాములు ప్రైవేటుగా కట్టిన బి.ఏ. పరీక్షకు కరీంనగర్ వెళ్లాలి. ఆయనకున్న మంచి చొక్కా అదొక్కటే. జేబులో నాలుగు మడతల కాగితం దొరికింది. ముత్యాల్లాంటి ఆడ చేతిరాత.

'పుట్టినప్పుడు మనసు తెల్ల కాగితం. దాని మీద రాసేది అనుభవమే' అని ఉంది. ఐదో తరగతి చదివిన కళావతికి అంతకంటే చదవాల్సిన అవసరం కనిపించలేదు. పదేళ్ల కాపురంలో ఆయన తన మనసు ఏ రంగుదని ఒక్కనాడూ అడగలేదు. సిరిసిల్ల మరమగ్గాల సాంచెల మోతలో పడి ఇంట్లో పిలిచినా పలకని మనిషికి ఇంత మెత్తగా రాసింది ఎవతె?

చొక్కాను బకెట్లోకి విసిరికొట్టి, పక్కింట్లో బీడీలు చుట్టుకుంటున్న ఇంద్రమ్మకు కాగితం చూపించింది. ఇంద్రమ్మ మడతలన్నీ విప్పి, కింది సగం చదివి గొంతు తగ్గించింది. 'మాట తప్పిన ప్రభుత్వాన్ని దించే హక్కు ప్రజలకు ఉంది' అని ఉందక్కడ. నక్సలైట్ల కోసం పోలీసులు ఇల్లిల్లూ వెతుకుతున్న రోజులవి.

"గిది ఆడిదాని ఉత్తరం గాదే. అన్నలది. నీ మొగడు వాళ్లల్ల కలిసిండు."

కళావతి గుండెల మీంచి బండ దిగింది. "గంతేనా అక్కా? నేను ఇంకేందో అనుకున్న."

ఆ సంతోషం దాచుకోలేక బోరింగు దగ్గర మరో ఇద్దరికి చెప్పింది. పదకొండు గంటలకల్లా పోలీసు జమేదారు మొగిలయ్య, పరశురాముల్ని సాంచెల దగ్గర నుంచి నడిపించుకుంటూ ఇంటికి వచ్చాడు. రేపటి పరీక్ష లాకప్పులోనే గడిచేలా ఉంది.

అవి మూడు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు తత్వవేత్త మాటలని, పరీక్ష పాఠమని పరశురాములు చెప్పాడు. ఆ తత్వవేత్త ఇప్పుడు ఏ దళంలో ఉన్నాడని మొగిలయ్య అడిగాడు. చివరికి, రాసిన మనిషి వచ్చి చెబితే నమ్ముతానన్నాడు. పరశురాములు భార్య వైపు ఒకసారి చూసి, తల దించుకుని జమున పేరు చెప్పాడు. వెనక వాడలో ఉంటుంది, ఆమె కూడా అదే పరీక్ష రాస్తోంది.

"ఆమెతోని పనేం లేదు సారూ," అంది కళావతి. "మా ఆయన అన్నలల్లనే ఉన్నడు. రాసుకోండ్రి."

అయినా జమున వచ్చింది. ఇస్త్రీ చీర, కళ్లజోడు. పాఠమంతా అప్పజెప్పింది. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి పుట్టుకతో వచ్చే హక్కులట. అందరిదీ అయిన దాంట్లో ఎవరు తమ శ్రమ కలిపితే అది వాళ్ల సొంతమట. ప్రతి వాక్యానికీ పరశురాములు అవసరమైన దానికంటే ఎక్కువే తల ఊపాడు. నమ్మకం కుదిరి మొగిలయ్య లేచాడు.

కళావతి కదలనివ్వలేదు. "గా ఆఖరిది మల్లొక్కసారి చెప్పు చెల్లే."

జమున చెప్పింది.

"బీడీలు చేసుకుంట ఈయనతోని పదో తరగతి కట్టించిన, ఇంటర్ కట్టించిన, గిప్పుడు బి.ఏ. గూడ. గీ మనిషిల కలిసిన కష్టమంత నాది. మరి గా ఇంగ్లీషాయన చెప్పినట్టు, ఈయన ఎవల సొంతం?"

మొగిలయ్య మళ్లీ కూర్చున్నాడు. జమున కళ్లజోడు సర్దుకుంది. చెప్పులు వేసుకుని, కాగితం అక్కడే వదిలేసి గడప దాటి వెళ్లిపోయింది.

మర్నాడు పరీక్షలో ఆ ఇంగ్లీషాయన మీద ప్రశ్న వచ్చినా పరశురాములు దాని జోలికి పోలేదు.